మీసాల చేపలు: పేరులలోని చిక్కు

ఒక చేపకు పది పేర్లుండుట వింత కాదు. రెండు చేపలకు ఒకే పేరుండుటయే చిక్కు. పొలుసులు లేక, మూతికి మీసములు గల చేపల విషయమున ఈ రెండును కలవు. సదుం, పుంగనూరు, కుప్పము సీమలలో తెలుగునకు తోడు తమిళ కన్నడములు కూడ వినబడును గనుక, అచటి చెరువుగట్టున ఈ చిక్కు మరింత పెరుగును.

వాలుగను గుర్తించుట సులభము. దాని నోరు కంటిని దాటి చీలియుండును. మీసములు రెండు జతలే. సంస్కృతమున ఇది పాఠీనము. అమరకోశము దీనిని సహస్రదంష్ట్ర మన్నది. తమిళులు వాళై అందురు. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున సేకరించిన చేపలను గూర్చి 1803లో ప్రకటించిన గ్రంథమున దేశనామములను కూడ చేర్చెను. 1851లో బ్లీకర్ ఈ జాతికి 'వల్లాగో' అని పెట్టిన పేరు మన వాలుగయే. జెల్లకు నాలుగు జతల మీసములు, వీపున ముల్లు, తోకకు ముందు మెత్తని కొవ్వురెక్క ఉండును.

అసలు చిక్కు మార్పునకు, ఇంగిలాయికి నడుమ కలదు. కొన్నిచోట్ల రెంటిని మార్పు అనియే పిలుతురు. ఈ పొరపాటు నేటిది కాదు. అమరకోశము శృంగిని మద్గురమునకు ప్రియగా, అనగా ఆడుచేపగా చెప్పినది. వంగదేశమున నేటికిని మద్గురము మాగుర్, శృంగి సింగి. అవి ఆలుమగలు కావు, వేర్వేరు జాతులు. పాశ్చాత్యులును తడబడిరి. 1758లో లిన్నేయస్ పెట్టిన 'బత్రాకస్' అను పేరుతోనే మన మార్పు చిరకాలము చెలామణి అయినది. ఆ పేరు జావా దీవి చేపకే చెందుననియు, మనది 1822లో హామిల్టన్ వర్ణించిన 'మాగుర్' అనియు 2008లో తేలినది.

ఆనవాలు వీపున కలదు. మార్పునకు వీపురెక్క మెడ వెనుక నుండి తోకదాక సాగును. ఇంగిలాయికి అది చిన్న తునక మాత్రమే. రెండును గాలి పీల్చి నీరు తగ్గిన బురదలోను బ్రతుకును. కాని ఇంగిలాయి పక్కముల్లున విషము కలదు. తమిళులు దానిని తేళి యనుట ఊరక కాదు. వారి భాషలో తేళ్ అనగా తేలు. మార్పు అనుకొని బురదలో చేయి పెట్టినవానికి ఆ పేరు అర్థమగును.

నేడు మరియొక ఆపద వచ్చినది. ఆఫ్రికా దేశపు క్లారియాస్ చేప మార్పును పోలియుండి, మీటరుకు మించి పెరిగి, చెరువులోని ఇతర చేపలను మ్రింగును. దాని పెంపకము మన దేశమున నిషిద్ధము. అయినను అది మాగుర్ పేరుతో అమ్ముడుపోవుట కలదు. అసలైన మార్పు మాత్రము అపాయమున నున్న జాతుల జాబితాకెక్కినది. కొనువారు పేరునడిగి ఊరకుండక, చేపను చేతబట్టి చూడవలెనని మా మనవి.