రామానుజన్ ఉద్యోగం అప్లికేషన్‌లో ఏం రాశారు?

మొన్న మా గరివిడి వెళ్లినప్పుడు స్టేషన్ దగ్గర ఒక తమ్ముడు పట్టుకున్నాడు. "అన్నా, బ్యాక్‌లాగ్స్ ఉండిపోయి బీటెక్ ఆగిపోయింది. రెజ్యూమెలో రాయాలా, దాచేయాలా?"

నేనూ దాచినోడినే. బీటెక్ అయ్యాక ఏడాది ఖాళీ ఉంటే, తేదీలు అటూ ఇటూ జరిపి మాయం చేశాను. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే దాని మీద పడింది. అందుకే ఇవాళ టెంప్లేట్లు వద్దు, 1912 నాటి ఒక అప్లికేషన్ చూద్దాం. రాసింది శ్రీనివాస రామానుజన్.

ఈయనకి మన వైపుతో చిన్న లింకుంది. కుంభకోణం కాలేజీలో లెక్కలు తప్ప ఇంకేదీ పట్టించుకోక, ఇంగ్లీషు తప్పి, స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం పారిపోయి వచ్చేశారు. అప్పటికి పదిహేడేళ్లు. (గరివిడి దాకా రాలేదు లెండి.) తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. ఎఫ్.ఏ. అంటే మన ఇంటర్ లాంటిది.

1912 ఫిబ్రవరి 9న మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో గుమస్తా పోస్టుకి రాశారు. చాలా చిన్న ఉత్తరం. మెట్రిక్ పాసయ్యాను, ఎఫ్.ఏ. దాకా చదివాను, కొన్ని ఇబ్బందుల వల్ల ముందుకెళ్లలేకపోయాను అని చెప్పేశారు. ఫెయిల్ అన్న మాట వాడలేదు, పాసయ్యానని అబద్ధమూ ఆడలేదు. ఆ వెంటనే, నా టైమంతా లెక్కలకే పెడుతున్నాను, ఈ పని చేయగలనన్న నమ్మకం ఉంది అన్నారు. ఒక్క సూత్రం కూడా రాయలేదు. గుమస్తా పోస్టుకి అనంత శ్రేణులెందుకు? ప్రెసిడెన్సీ కాలేజీ లెక్కల ప్రొఫెసర్ మిడిల్‌మాస్ట్ సిఫారసు మాత్రం జత చేశారు.

మార్చి 1న చేరారు, జీతం నెలకి 30 రూపాయలు.

ఉత్తరం ఒక్కటే పని చేసిందంటే నేను నమ్మను. అంతకుముందే నోటుబుక్కులు పట్టుకుని ఎంతోమంది చుట్టూ తిరిగారు. నెల్లూరు కలెక్టర్ రామచంద్రరావు గారు కొంతకాలం నెలనెలా డబ్బులిచ్చారు. పోర్ట్ ట్రస్ట్ చీఫ్ అకౌంటెంట్ నారాయణ అయ్యర్ గారూ లెక్కల మనిషే.

ఇప్పుడు 1913 జనవరి 16న కేంబ్రిడ్జ్‌లో హార్డీకి రాసింది చూడండి. నేనొక గుమస్తాని, జీతం ఏడాదికి 20 పౌండ్లు, యూనివర్సిటీ చదువు లేదు అని మొదట్లోనే చెప్పేసి, ఆ వెనక పేజీలకి పేజీలు సిద్ధాంతాలు పెట్టారు. అదే మనిషి, అదే ఆగిపోయిన చదువు. చదివేవాళ్లు మారారు, కాబట్టి కాగితం మీద పెట్టిన సరుకూ మారింది.

తమ్ముడూ, బీటెక్ ఎక్కడిదాకా వచ్చిందో, ఎన్ని సబ్జెక్టులు ఉన్నాయో ఒక్క లైన్లో రాసెయ్. దాని కిందే నువ్వు చేసిన ప్రాజెక్టు పెట్టు. నీ పని చూసిన మాస్టారి పేరు కూడా పెట్టు, ఆయన్ని అడిగాకే. రాశాక నాకు పంపు, చూస్తాను.