పులిసిన రొట్టె, పులియని రొట్టె

ప్రభురాత్రి భోజనమున క్రైస్తవులు విఱుచు రొట్టెకు క్రీస్తు కాలముకంటె మిక్కిలి పూర్వమైన చరిత్ర కలదు. ఐగుప్తు దాస్యమునుండి విముక్తులై రాత్రికి రాత్రి బయలుదేరవలసి వచ్చిన ఇశ్రాయేలీయులు, పిండి పులియువఱకు నిలుచుటకు వ్యవధి లేక, పొంగని రొట్టెలనే కాల్చుకొని తినిరని నిర్గమకాండము చెప్పుచున్నది; ఆనాటి తొందరయే పిమ్మట పస్కా పండుగకు నియమమయ్యెను. అరణ్యమున కురిసిన మన్నాను, ప్రత్యక్షపు గుడారమున విశ్రాంతిదినమందెల్ల క్రొత్తవి పెట్టుచు వచ్చిన పండ్రెండు సముఖపు రొట్టెలను ఎఱిగిన జనులతోనే యేసు తాను జీవాహారమని పలికెను.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి వింతగా తోచునది పులిపిండిని గూర్చిన వివాదము. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు దానిని దుష్టత్వమునకు గుఱుతుగా నెంచి తీసి పాఱవేయుడనగా, మత్తయి సువార్తలో ఒక స్త్రీ మూడు కుంచముల పిండిలో దాచిన పులిపిండి పరలోకరాజ్యమునకే ఉపమానమైనది. అదియునుగాక, అంత్యభోజనము పస్కా భోజనమేయని మొదటి మూడు సువార్తలు చెప్పుచుండగా, యోహాను లెక్కలో అది పస్కాకు ముందటి రాత్రి. కావున ఆ బల్లమీద నుండినది ఏ రొట్టెయో తేల్చుట సులభము కాదు.

ఆర్మేనియా సంఘమును విడిచినచో, తూర్పు సంఘములలో పెక్కు పులిసిన రొట్టెనే నిలుపుకొనినవి. పశ్చిమమున కాలక్రమమున పులియనిది స్థిరపడెను. 1053లో ఓక్రిద్ ఆర్చిబిషప్పు లియో, లాటినువారి రొట్టె యూదాచారమని ఆక్షేపించుచు లేఖ వ్రాయగా, ఆ కలహము మఱుసటి యేట రోమునకును కాన్‌స్టాంటినోపిలునకును కలిగిన విచ్ఛేదమునకు ఒక కారణమయ్యెను. అసలు తగవు పోపు అధికారమును గూర్చినదే, రొట్టె నెపమాత్రమని పలుకువారు కలరు. కాని సామాన్యునికి సిద్ధాంతముకంటె తన నోట పెట్టుకొను వస్తువే దగ్గఱిది కదా!

ఆ భేదము నేటికిని కంటికి కానవచ్చును. గ్రీకువారు పులిసిన పిండిని రెండు బిళ్లలుగా చేసి ఒకదానిపై నొకటి యుంచి, క్రీస్తుయొక్క దైవ మానవ స్వభావములకు అవి సంకేతములని చెప్పుచు, పైని ముద్ర నొత్తి కాల్తురు. ఆరాధనవేళ యాజకుడు చిన్న ఈటెవంటి కత్తితో ముద్రభాగమును కోసి తీయును, దానికి గొఱ్ఱెపిల్లయని పేరు. లాటినువారో, గోధుమపిండిని నీటితో పలుచగా కలిపి, సిలువ మొదలగు చిహ్నములు చెక్కిన రెండు వేడి యినుపపలకల నడుమ పోసి నొక్కి, గాజుపలుకువంటి అప్పములను తీయుదురు.

1439లో ఫ్లోరెన్సు మహాసభ రెండును చెల్లునని తీర్మానించినను పొయ్యిలు కలియలేదు. 1552 నాటి ఆంగ్ల ప్రార్థనాగ్రంథము మాత్రము నిత్యము తినెడి మంచి గోధుమరొట్టెయే చాలునని తేల్చి వేసెను. ఇక కతోలిక ధర్మశాస్త్రమున గోధుమ తప్ప వేఱు ధాన్యము పనికిరాదు. అన్నమే ఆహారముగా గల మన తెలుగునాట సైతము వారి దివ్యసత్ప్రసాదమునకు బియ్యపు పిండి చెల్లదు.