శ్రీకూర్మం స్తంభం సరిదిద్దిన నూట ఇరవై ఏళ్ళు

సింహాచలం దేవాలయంలో నరహరి తీర్థుల శిల్పాన్ని పరిశోధకులు గుర్తించారని 2024 డిసెంబరులో పత్రికలు వ్రాసాయి. మూడడుగుల శిల్పం, చేతిలో తాళపత్రాలు, ఇరుప్రక్కలా భక్తులు. పదమూడవ శతాబ్దానిదన్నారు. మంచి వార్తే. అయితే ఈ సన్న్యాసికి సంబంధించి ఇంతకంటే పెద్ద ఆవిష్కరణ ఒకటి నూరేళ్ళకు పైగా క్రితమే జరిగింది. అది సింహాచలంలో కాదు, శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మంలో. దాని గురించి మన ప్రాంతం వారికి కూడా అంతగా తెలియదనే నా అనుమానం.

శ్రీకూర్మం అనగానే కూర్మావతారం, పడమటి ముఖంగా ఉన్న స్వామి, రెండు ధ్వజస్తంభాలు, ఆలయంలో పెంచే నక్షత్ర తాబేళ్ళు గుర్తుకు వస్తాయి. యాత్రికుడు వీటిని చూసి, ప్రసాదం తీసుకొని, బస్సెక్కుతాడు. మండపపు నల్లరాతి స్తంభాల మీద ఆపాదమస్తకం అక్షరాలున్న సంగతి కంటపడినా, నిలబడి చదివేవారు అరుదు. గాంగరాజుల కాలంలో అఖండదీపాలకు ఇచ్చిన దానాల లెక్కలే వాటిలో ఎక్కువ. ఎవరు ఎన్ని మాడలిచ్చారు, ఆ దీపం ఎన్నాళ్ళు వెలగాలి - ఇవే సంగతులు. 1925లో వెలువడిన దక్షిణ భారత శాసన సంపుటాల ఐదవ భాగంలో ముఖలింగం శాసనాలతో పాటు ఇవీ అచ్చయ్యాయి.

ఆ దానాల మధ్య, తెలుగు లిపిలో చెక్కిన సంస్కృత శ్లోకాల శాసనం ఒకటుంది. కాలం శక 1203, అంటే క్రీ.శ. 1281. అందులో మొదట పురుషోత్తమ తీర్థుల ప్రశంస, తరువాత ఆయన శిష్యులు ఆనందతీర్థుల ప్రశంస, ఆపైన వారి శిష్యులు నరహరి తీర్థుల ప్రశంస వస్తాయి. నరహరి తీర్థులు కూర్మేశ్వరుని ఎదుట యోగానంద నరసింహునికి గుడి కట్టించారని శాసనం చెబుతుంది. ఆనందతీర్థులంటే మరెవరో కాదు, ద్వైతమత స్థాపకులైన మధ్వాచార్యులే. హెచ్. కృష్ణశాస్త్రి గారు ఈ శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా ఆరవ సంపుటంలో (1900-01) ప్రకటించారు.

గుడి కట్టించినందుకు వేసిన శాసనంలో అంత విశేషమేముంది? విశేషమంతా తేదీలో ఉంది. మఠాల గురుపరంపర పట్టికల ప్రకారం మధ్వాచార్యులు శక 1040లో పుట్టి 1119లో, అంటే 1197లో, అంతర్ధానమయ్యారు. నరహరి తీర్థులు కూడా శక 1135కే, అంటే 1213కే, గతించారు. 1213లో పోయినవారు 1281లో గుడి ఎలా కట్టిస్తారు? పోనీ ఒక్క శాసనంలో చెక్కినవాడి పొరపాటు అనుకుందామా అంటే, నరహరి తీర్థుల పేరున్న శాసనాలు ఈ ప్రాంతంలో 1264 నుంచి 1290ల దాకా కనిపిస్తున్నాయి. అంతకాలం కళింగంలో తిరిగినది ఆయన కీర్తిశేషం కాదు, ఆయనే.

రామకృష్ణ గోపాల్ భండార్కర్ గారు 1913లో వెలువడిన వైష్ణవ శైవ మతాల చరిత్రలో ఈ శ్రీకూర్మం శాసనాన్నే ఆధారం చేసుకొని పట్టికను సవరించారు. మఠాల వారు నిర్యాణ సంవత్సరమంటున్న శక 1119 నిజానికి జన్మ సంవత్సరమై ఉంటుందని ఆయన ఊహ. అంటే 1197-1276. "మహాభారత తాత్పర్య నిర్ణయం"లో ఆచార్యులే తమ అవతారానికి కలి 4300 అని చెప్పుకొన్నారు. దాన్ని అక్షరాలా తీసుకొంటే 1199 వస్తుంది, భండార్కర్ లెక్కకు దగ్గరే. రెండవ పక్షం "అణుమధ్వచరిత"ను నమ్మి 1238-1317 అంటుంది. బి. ఎన్. కె. శర్మ గారు గట్టిగా నిలబెట్టినది ఈ రెండవ పక్షాన్నే. వారి దృష్టిలో 4300 అన్నది శతాబ్దాన్ని స్థూలంగా చెప్పడమే. రెండు లెక్కలూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

నిజం చెప్పాలంటే ఆ స్తంభం ఈ రెండిట్లో ఏది సరైనదో తేల్చదు. రెండూ దానికి సరిపోతాయి. పాత పట్టిక మాత్రమే సరిపోదు. నాకు మాత్రం 1238 పక్షమే నచ్చింది. దానికి కారణం మనలో ఎవరైనా పంచాంగం ముందు పెట్టుకొని సరిచూసుకోగలిగినదే. మధ్వాచార్యుల జన్మ విళంబిలో, అంతర్ధానం పింగళలో అని సంప్రదాయం. మొన్నటి విళంబి 2018లో వచ్చింది. అక్కడి నుంచి అరవయ్యేసి చొప్పున వెనక్కు వెళ్ళండి. పదమూడో అడుగు 1238 మీద పడుతుంది. మరి రెండు అడుగులు వేస్తే 1118, అంటే పట్టికలోని శక 1040! పింగళ 1977లో వచ్చింది; అది 1317లోనూ, 1197లోనూ కూడా పింగళే. 1199 మాత్రం విళంబి కాదు. నరహరి తీర్థుల నిర్యాణానికీ ఇదే లెక్క. 1213 శ్రీముఖ, 1333 కూడా శ్రీముఖే.

అంటే మఠాల వారు సంవత్సరాల పేర్లను తరతరాలుగా పొల్లుపోకుండా గుర్తుంచుకొన్నారు. తరువాత ఎవరో వాటికి శక సంఖ్యలు చేర్చేటప్పుడు లెక్క రెండు చక్రాలు, నూట ఇరవై ఏళ్ళు, వెనక్కు జారింది. మౌఖిక సంప్రదాయాన్ని పుక్కిటి పురాణమని కొట్టిపారేసేవారికీ, శాసనాన్ని చూపిస్తే మతానికి అపచారమనుకొనేవారికీ ఇద్దరికీ ఈ ఉదాహరణ చూపించాలని ఉంటుంది నాకు. ఇక్కడ రాయి సంప్రదాయాన్ని అబద్ధం చేయలేదు. దానిలో మిగిలిన నిజమెంతో పట్టి ఇచ్చింది.

నరహరి తీర్థుల గురించి మాధ్వులు చెప్పుకొనే కథ వేరొకటుంది. గజపతుల భాండాగారంలో ఉన్న మూలరామ, సీతా విగ్రహాలను తెమ్మని గురువు పంపారనీ, బాలుడైన రాజు తరఫున కొన్నేళ్ళు కళింగాన్ని పాలించి, వాటిని బహుమానంగా అడిగి తీసుకొని వెళ్ళారనీ కథ. విగ్రహాల మాట శాసనంలో లేదు. పాలన మాట మాత్రం ఉంది: కళింగ ప్రజలను కాపాడారనీ, శబరులు దండెత్తగా కూర్మనాథుని క్షేత్రాన్ని ఖడ్గంతో రక్షించారనీ. సన్న్యాసి చేతిలో కత్తి! సింహాచలం శిల్పంలో తాళపత్రాలున్నాయి కదా, శ్రీకూర్మం శ్లోకంలో ఖడ్గం ఉంది. రెండూ ఒకే మనిషివి.

ఆ శబరులు ఎందుకు దిగి వచ్చారో శ్లోకం చెప్పదు. వారి తరఫున వేసిన శాసనం లేదు. పేరును బట్టి చూస్తే, సీతంపేట, పాలకొండ కొండల్లో నేటికీ ఉంటున్న సవరల పూర్వీకులే వారు. వారి భాషకు 1931లో వ్యాకరణమూ, 1938లో నిఘంటువూ అచ్చయ్యాయి. వ్రాసినవారు గిడుగు రామమూర్తి పంతులు గారు, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టినవారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ముఖలింగం శాసనాలు చదివి, గాంగుల కళింగనగరం అదేనని వాదించినవారూ ఆయనే.