చీటీ మీద పాట

వినాయక చవితి మూడో రాత్రి. చంద్రశేఖరపురంలో పామూరు బస్సు దిగేసరికే మైకు పలకరిస్తుంది: "హలో... చెక్, చెక్..." పందిరికి దారి ఎవరినీ అడగక్కర్లేదు. ఒకవైపు జనరేటరు డీజిలు కంపు, ఇంకోవైపు మిరపకాయ బజ్జీల నూనె వాసన. మధ్యలో పట్టాల మీద ఆడవాళ్ళు, పిల్లలు. వెనకాల ట్రాక్టరు మీదెక్కి కుర్రాళ్ళు. కొత్త మనిషి కదా, ఎవరో లేచి మీకు స్టేజి పక్కన కుర్చీ వేస్తారు.

స్టేజి అంటే రెండు ట్రాక్టరు ట్రక్కులు పక్కపక్కన పెట్టి బల్లలు పరిచిందే. కీబోర్డు, ఆక్టోప్యాడ్, తబలా, ఒక ల్యాప్‌టాప్. గాయకుడి ముందున్న స్టాండుకి పాటల పుస్తకం లేదు, సెల్లు ఉంది. బొటనవేలితో అక్షరాలు పైకి తోసుకుంటూ పాడతాడు. గాజు ఒక మూల పగిలింది. ఆ మూలకి వచ్చిన మాట ఆయనకి కనిపించదు. పెదవి తడబడేలోపే ఆక్టోప్యాడ్ కుర్రాడు ఒక దెబ్బ గట్టిగా వేసి కప్పేస్తాడు. పట్టాల మీద కూర్చున్నవాళ్ళకి తెలీదు. అంత దగ్గర్లో ఉన్నారు గనక మీకు తెలుస్తుంది.

దేవుడి పాట అయింది. తరవాత 'మాయాబజార్' పడవ పాట. మీ పక్కన కూర్చున్న రిటైరైన తెలుగు మాస్టారు కళ్ళు మూసుకుని చివరిదాకా విని, మీ వైపు వంగుతారు.

"ఈ బాణీ ఎవరిదంటారు?"

"ఘంటసాలది కదండీ."

"తెర మీద పేరు ఆయనదే. సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకి బాణీలు కట్టి సినిమా వదిలి వెళ్ళిపోయారు. అందులో ఇదొకటి."

వాద్యాలు కూర్చి, పాడి, పాటని ఈ రూపానికి తెచ్చింది ఘంటసాలే కాబట్టి ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేదు. సినిమా 1957 నాటిది. మన చట్టం ప్రకారం రికార్డింగుకి హక్కు 60 ఏళ్ళే, అది 2017తో చెల్లిపోయింది. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు. రచనకి హక్కు రచయిత పోయాక 60 ఏళ్ళు నడుస్తుంది గనక ఆ మాటలకి 2031 చివరిదాకా ఎవరో ఒకరు యజమాని. పాట ఒక్కటే, లెక్కలు మాత్రం వేరువేరు.

ఇప్పుడు చీటీలు మొదలు. నోటు మడతలో చీటీ, చీటీ మీద పాట పేరు, కోరినవాళ్ళ పేరు. నోటు సైజుని బట్టి పాట ముందుకో వెనక్కో జరుగుతుంది. "మన చిన్నబ్బాయి గారి కోరిక మీద 'గీతాంజలి' నుంచి..." అనగానే ట్రాక్టరు మీది నుంచి ఈలలు.

ఇళయరాజా బాణీ, వేటూరి మాట, బాలు గొంతు. 1989 నాటి పాటకి ఆ రోజు పుట్టని కుర్రాళ్ళు కూడా గొంతు కలుపుతున్నారు. ఇలాంటి పాటల మీదే 2017 మార్చిలో గొడవ జరిగింది. నెల్లూరోళ్ళు మావాడని చెప్పుకునే బాలసుబ్రహ్మణ్యం తన యాభయ్యేళ్ళ పాటల పండగ మీద అమెరికాలో కచేరీలు చేస్తుంటే, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా దగ్గర్నుంచి లాయరు నోటీసు వెళ్ళింది. గాయని చిత్రకీ, బాలు కొడుకు చరణ్‌కీ కూడా. బాలు ఫేస్‌బుక్‌లో బాధపడి, చట్టం అంటే చట్టమే, ఇక ఆ పాటలు పాడనని రాశారు. మిగిలిన కచేరీలు వేరేవాళ్ళ పాటలతో నడిపారు.

ఆ నెలంతా మన ఇళ్ళలో, టీ బంకుల్లో రెండే మాటలు. 'ఇళయరాజాకి డబ్బు పిచ్చి' అని కొందరు, 'పాట ఆయన బిడ్డ' అని కొందరు. నాకు రెండూ సగమే అనిపించింది. టికెట్టు పెట్టి అమెరికా హాలు నింపినప్పుడు బాణీ కట్టినవాడికి వాటా అడిగే హక్కుంది. కానీ ఆ లెక్క తేల్చాల్సింది టికెట్లు అమ్మినవాళ్ళు. పాడేవాడి పేరు మీద నోటీసు పంపేసరికి న్యాయం సంగతి పక్కకిపోయి ఇద్దరు స్నేహితుల తగాదా మిగిలింది. 2019 జూన్‌లో చెన్నైలో ఇద్దరూ మళ్ళీ ఒకే స్టేజి ఎక్కారు. మరుసటేడు బాలు పోయారు.

అసలు ఈ కడుపుమంటకి మూలం పాత ఒప్పందాలు. రాసినవాడికీ, బాణీ కట్టినవాడికీ ఒక్కసారి ముట్టజెప్పేవారు. తరవాత రేడియోలో, క్యాసెట్లో, పెళ్ళి బ్యాండులో పాట ఎన్నివేల సార్లు మోగినా పైసా రాదు. ఆ హక్కులు నిర్మాతవేనని 1977లో సుప్రీంకోర్టే అంది. జావేద్ అఖ్తర్ లాంటివాళ్ళు పార్లమెంటులో పట్టుబట్టాక 2012లో చట్టం మారింది. సినిమా హాలు బయట పాట వాడుకుంటే వచ్చే రాయల్టీలో రచయితకీ, సంగీత దర్శకుడికీ సమాన వాటా. నిర్మాత అడిగినా అది రాసివ్వడానికి వీల్లేదు. గాయకులకీ వాటా హక్కు వచ్చింది.

"అయితే ఇళయరాజా ఇక్కడికీ నోటీసు పంపొచ్చా?" అని మీరు నవ్వుతూ అడుగుతారు.

మాస్టారూ నవ్వుతారు. "దేవుడి పేరు మీద జరిగేదానికి చట్టం మినహాయింపు ఇచ్చిందండీ. పెళ్ళి ఊరేగింపులకీ అంతే. కాకపోతే రాత్రి పదింటికి వినాయకుడి ముందు ఈ డ్యూయెట్టు పూజ కిందికి వస్తుందో రాదో, జడ్జీ గారే చెప్పాలి."

పూజ సంగతేమో గానీ ఫోను ఊరుకోలేదు. స్టేజి ముందు సెల్లు పట్టుకుని లైవు పెడుతున్న కుర్రాడు ఒక్కసారిగా ముఖం వేలాడేశాడు. ల్యాప్‌టాప్‌లోంచి వచ్చే ట్రాకుని మిషను గుర్తుపట్టి సౌండు తీసేసిందట. దుబాయ్‌లో ఉన్న వాళ్ళన్నకి ఇప్పుడు బొమ్మలే కదులుతున్నాయి.

కానిస్టేబులు వచ్చి వాచీ చూపించి వెళ్ళాక ఆర్కెస్ట్రాకి విరామం. కోలాటం వాళ్ళు లేచారు. నడివయసు దాటిన ఒకావిడ మైకు దూరంగా తోసేసి పాట ఎత్తుకుంది. వంకర తిరిగే బాణీ, మీరెక్కడా విననిది. కీబోర్డతను టీ గ్లాసు కింద పెట్టి సెల్లులో రికార్డింగు నొక్కాడు.

అది చూస్తే మీకు 'సారంగ దరియా' గుర్తుకురావాలి. 2021లో 'లవ్ స్టోరీ' కోసం సుద్దాల అశోక్ తేజ ఆ పల్లవి తీసుకుని కొత్త చరణాలు రాశారు, మంగ్లి పాడింది. ఆ పాట నేను సేకరించి పాడిందని గాయని కోమలి బయటికొచ్చింది. జానపదం జనానిదని సుద్దాల. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల కల్పించుకున్నాక సద్దుమణిగింది. అంతకుముందు 'మగధీర' అప్పుడు వంగపండు ప్రసాదరావు తన 'ఏం పిల్లడో' పాట అడక్కుండా వాడారని గొంతెత్తారు. ఆయన పేరున్నవాడు, రాసింది తానేనని చెప్పగలిగాడు. మన కాపీరైటు చట్టంలో జానపదానికంటూ విడిగా సెక్షనే లేదు. సంతకం ఉన్నవాళ్ళ కొట్లాటే కోర్టుదాకా వెళ్తుంది. నోటితో దాచుకున్నవాళ్ళు టీవీలో విని తమదేనని గుర్తుపట్టడం తప్ప చేసేదేం లేదు.

పాట అయిపోయింది. కీబోర్డతను దగ్గరికెళ్ళాడు.

"పెద్దమ్మా, బలే ఉంది. యాడ నేర్చుకున్నావ్?"

"మా అమ్మమ్మ పాడేది అబ్బయ్యా, కలుపు తీసేటప్పుడు."

ఫైలుకి అతను 'కోలాటం 2' అని పెట్టబోతుంటే పక్కనున్న ఆమె మనవడు తల దూర్చాడు. "పేరు రాసుకో అన్నా. సినిమాలో వస్తే మాకేం తెలుస్తది?"

అతను కొంచెం నొచ్చుకున్నాడు, కొంచెం నవ్వాడు, పేరడిగాడు.

"రాసుకుంటే రాసుకో గానీ" అంది ఆమె, "కడపటి చరణం మా అమ్మమ్మది కాదు. పామూరు సంతలో గాజులమ్మే ఆమె దగ్గర పట్టుకున్నా. ఆమె పేరు కూడా ఎయ్యి."

"ఆమె పేరేంది?"

"అదే, అడగలా."

ఇంతలో జనరేటరతను మధ్యలోకి వచ్చి, పన్నెండయితే ఆపేస్తాను, డబ్బులు ముందే కావాలన్నాడు. కమిటీ కుర్రాళ్ళు చీటీల నోట్లు లెక్కబెట్టి, ఆర్కెస్ట్రా కంటే ముందు అతనికే ఇచ్చారు.