అరువు ఆకాశం

రాజా దీన్‌దయాళ్ తీసిన నిజాం కాలం నాటి హైదరాబాద్ ఫొటోలు ఎప్పుడైనా తీరిగ్గా చూడండి. కట్టడాల మీది నగిషీ, మెట్ల మీది నీడ, దూరంగా నిలబడ్డ మనిషి తలపాగా అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. పైన మాత్రం చాలా ఫొటోల్లో ఏమీ ఉండదు. సున్నం కొట్టిన గోడలా బోసి ఆకాశం. ఆ రోజు మబ్బు లేదు కాబోలు అనుకుంటాం. ఉండే ఉంటుంది. ఆయన వాడిన గాజుపలకకే అది ఆనలేదు.

ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లు ఇవాళ వెలుతురు బాగాలేదనీ, మబ్బు పట్టిందనీ, ఎండ మరీ తెల్లగా ఉందనీ వాపోతుంటారు. తొలి తరం వాళ్ల గోడు వేరు. వాతావరణం అన్నివిధాలా అనుకూలించినా ఫొటో చెడిపోయేది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియన్ పద్ధతి నీలికాంతికి చటుక్కున స్పందించేది, ఆకుపచ్చ, ఎరుపు రంగులను దాదాపు పట్టించుకునేది కాదు. చెట్లూ నేలా పలక మీద పడేదాకా ఆగితే నీలాకాశం ఎప్పుడో అతిగా పడిపోయి ఉండేది. ప్రింటు తీస్తే నీలమూ మబ్బూ రెండూ ఒకే తెలుపు. ఆకాశం కోసం త్వరగా మూసేస్తే నేలంతా నల్లటి ముద్ద.

పైగా అది తడిపలక. కొలోడియన్ పోసి, సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచి, ఆరకముందే ఫొటో తీసి, ఆరకముందే కడగాలి. మొత్తం పావుగంటలో తెమలాలి. 1863లో మన దేశానికొచ్చిన శామ్యూల్ బోర్న్ చీకటి గుడారం, రసాయనాల సీసాలు, గాజుపలకల పెట్టెలు కూలీల చేత మోయించుకుంటూ హిమాలయాల్లో మూడు యాత్రలు చేశాడు. 1866లో 18,600 అడుగుల ఎత్తున మణిరంగ్ కనుమలో, వేళ్లు కొంకర్లు పోయే చలిలో ఈ తతంగమంతా జరిపి ఫొటోలు తీశాడు. అంత కష్టపడి కొండెక్కినా, పలకకున్న ఆ జబ్బు అక్కడా వదల్లేదు.

దీనికి మొదటి మందు రంగు బుడ్డి. నెగెటివ్‌లో ఆకాశం ఉన్నచోట మరకలు పడితే నల్లరంగు పూసేసేవారు. అప్పుడు ప్రింటులో కనీసం శుభ్రమైన తెలుపైనా వచ్చేది. మద్రాసు ప్రెసిడెన్సీకి అధికారిక ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన కెప్టెన్ లినియస్ ట్రైప్ ఇంకో అడుగు ముందుకేశాడు. బర్మాలోనూ దక్షిణ భారతంలోనూ తీసిన కాగితపు నెగెటివ్‌ల మీద కుంచెతో మబ్బులు దిద్దాడు. దగ్గరగా చూసినా అవి చేత్తో వేసినవని చప్పున తట్టదు. అమరావతి స్తూపం శిల్పాలను 1858లో మద్రాసులో ఫొటోలు తీసింది కూడా ఈయనే. అక్కడ ఆకాశంతో పేచీ లేదు గనక కుంచెకు పని తగ్గి ఉంటుంది.

రెండో మందు కనిపెట్టినవాళ్లలో గట్టివాడు ఫ్రాన్స్‌కు చెందిన గుస్తావ్ లె గ్రే. చిత్రకళ చదువుకున్న మనిషి, ఆకాశం లేని సముద్రం ఆయనకు సయించలేదు. సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఇంకో నెగెటివ్ తీసుకున్నాడు. ప్రింటు వేసేటప్పుడు పై సగం కప్పి కిందది అచ్చొత్తడం, కింద సగం కప్పి పైది అచ్చొత్తడం. అతుకు సరిగ్గా సముద్రమూ ఆకాశమూ కలిసే గీత మీద పడుతుంది. అక్కడ ఎటూ గీత ఉండాలి కాబట్టి కన్ను దాన్ని అనుమానించదు. 1857లో సెత్ రేవు దగ్గర తీసిన ‘మహా తరంగం’ అలా పుట్టినదే. ఆ చిత్రం ప్రింటు ఒకటి 1999లో లండన్ వేలంలో 5,07,500 పౌండ్లు పలికింది.

చిలిపి సంగతి ఏమిటంటే, ఆయన ఆకాశాల్ని పొదుపుగా వాడాడు. ఒకే మబ్బుల నెగెటివ్‌ను ఒకటికి మించిన సముద్రాల మీద పరిచాడు. ఆ ఫొటోలు పక్కపక్కన పెడితే అదే మబ్బు వేరే నీళ్ల మీద తేలుతూ దొరికిపోతుంది. దీన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు. కంటికి కనిపించినదాన్ని పలక తినేస్తే, దాన్ని మళ్లీ తెచ్చిపెట్టాడు, అంతే. కాకపోతే తెచ్చింది ఆ రోజుది కాదు. ఫొటోషాప్ వచ్చి ఫొటోగ్రఫీని చెడగొట్టిందని నిట్టూర్చేవాళ్లకు మాత్రం ఈ 1857 సంగతి ఓసారి చెప్పాలి.

అమెరికాలో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ ‘హీలియోస్’ పేరుతో వ్యాపారం చేస్తూ, ఆకాశం వైపు వెలుతురు తగ్గించే ‘స్కై షేడ్’ అనే అడ్డు సాధనాన్ని 1869లో ప్రకటించాడు. మబ్బుల నెగెటివ్‌లు దాచిపెట్టుకోవడం ఆయనకూ అలవాటే.

వీళ్లంతా ఆకాశాన్ని బాగుచేయాలని చూస్తే, 1893 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అసలు బాగుచేయనే లేదు. మంచుతుఫానులో ఫిఫ్త్ అవెన్యూ మీద చేతి కెమెరాతో మూడు గంటలు నిలబడి, ఎదురొస్తున్న గుర్రపుబండిని తీశాడు. మసకగా ఉందని తోటివాళ్లు నవ్వారు. ఆ మసకే ఆయనకు కావలసింది. చెడ్డ వాతావరణంలోనే ఫొటో ఉందని చూపించినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటాడు.

పలక జబ్బు నయం కావడం మొదలైంది 1873లో. కొన్ని రకాల అద్దకం రంగులు కలిపితే పలక ఆకుపచ్చను కూడా పట్టుకుంటుందని బెర్లిన్‌లో హెర్మన్ వోగెల్ గమనించాడు. 1906 నాటికి అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ పలకలు ఇంగ్లాండులో అంగడికొచ్చాయి. ఇక ఆకాశం ఫొటోగ్రాఫర్ చేతిలోకొచ్చింది. లెన్సు ముందు రంగుటద్దం పెట్టి నీలాన్ని ఎంత కావాలంటే అంత నల్లబరచవచ్చు.

1927 ఏప్రిల్ 10న కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో పాతికేళ్ల ఆన్సెల్ ఆడమ్స్ చేసింది అదే. మంచులో కొండెక్కి హాఫ్ డోమ్ అనే రాతికొండ ఎదురుగా చేరేసరికి తెచ్చుకున్న పన్నెండు పలకల్లో రెండే మిగిలాయి. ఒకటి మామూలుగా వాడే పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తీసిన వెంటనే ఆ రాతిగోడలో తనకు తోచిన గాంభీర్యం ఇందులో రాదని తట్టింది. ముదురు ఎరుపు ఫిల్టర్ బిగించి, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/22కు కుదించి, ఐదు సెకన్లు తెరిచి ఉంచి చివరి పలక తీశాడు. ఎర్రటద్దం నీలికాంతిని ఆపేసింది. ఆకాశం దాదాపు నల్లగా, దాని ముందు మంచు ధగధగా వచ్చాయి. కంటికి కనిపించింది అది కాదు, ఆయనకు అనిపించింది అది. లె గ్రే సముద్రం కన్నా ఇది ఎక్కువ నిజమా అంటే నేను చెప్పలేను. ఆకాశం మాత్రం ఆ రోజుదే, అక్కడిదే.

కలర్ ఫిల్మ్ వచ్చాక ఎర్రటద్దం పనికిరాకుండా పోయింది, పెడితే ఫొటో మొత్తం ఎర్రబడుతుంది. దాంతో పై సగం ముదురుగా, కింది సగం మామూలుగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ మీద ఆధారపడ్డారు. పర్వతాల ఫొటోగ్రాఫర్ గేలెన్ రోవెల్ దీనికి బాగా పేరు తెచ్చాడు. సముద్రం దగ్గర గీత తిన్నగా ఉంటుంది కాబట్టి చక్కగా అమరుతుంది. కొండల దగ్గర ఆకాశంతో పాటు శిఖరమూ నల్లబడుతుంది.

1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ వేర్వేరు ఎక్స్‌పోజర్ల ఫొటోలు కలిపి ఒకే దృశ్యంగా లెక్కకట్టే పద్ధతిని వివరించారు. ఇవాళ మన ఫోనులోని హెచ్‌డీఆర్ దాని తమ్ముడే. బటన్ నొక్కగానే కొన్ని ఫ్రేములు గబగబా తీసి, నేలనూ ఆకాశాన్నీ తనే సర్దేస్తుంది. లె గ్రే రెండు నెగెటివ్‌ల ఉపాయమే, కాకపోతే ఇక్కడ అన్నీ ఒకే చోటివి, దాదాపు ఒకే క్షణానివి. నూటయాభై ఏళ్ల బాధ తీరింది, ఇక అరువు తెచ్చుకోవలసిన పనిలేదు.

అయినా తెచ్చుకుంటున్నాం. 2020 అక్టోబరులో ఫొటోషాప్‌లోకి ఆకాశం మార్చే సాధనం వచ్చింది. మబ్బు పట్టిన మధ్యాహ్నానికి సంధ్యాకాశం తగిలించి, దానికి తగ్గట్టు నేల రంగు కూడా మార్చి ఇస్తుంది. నీడల దిక్కును మాత్రం తిప్పలేదు. ఎండలో తీసిన ఫొటో అయితే, సూర్యుడు ఒకవైపు దిగుతుంటే చెట్టు నీడ కూడా అటే పడి ఉండొచ్చు. ఫొటో పోటీల తీర్పరుల కన్ను ముందు పడేది అక్కడే. వరల్డ్ ప్రెస్ ఫొటో లాంటి పోటీలు ఇప్పుడు బహుమతి దాకా వచ్చినవాళ్లను కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు కూడా పంపమంటున్నాయి.