గుజ్జులోంచి లేచిన వాకిళ్ళు

శిల్పం అనగానే రాయి, ఉలి, ఆ ఉలి పట్టుకున్న మగవాడి చెయ్యి గుర్తొస్తాయి. కాగితంతో శిల్పం అంటే మాత్రం "ఓ, క్రాఫ్టా?" అంటారు. జరీనా హష్మి గురించి రాయాలని నాకనిపించింది ఆ "ఓ" విన్నప్పుడే.

జరీనా 1937లో అలీగఢ్‌లో పుట్టింది. తండ్రి అక్కడి యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసరు. చిన్నప్పుడు పిల్లల్ని ఫతేపూర్ సిక్రీ లాంటి చోట్లకి తీసుకెళ్ళేవాడు. ఆమె డిగ్రీ లెక్కల్లో. 1959లో కుటుంబం కరాచీ వెళ్ళిపోయింది. విభజన 1947లో అయిపోయిందని మనం పాఠాల్లో చదువుకుంటాం గానీ, ఆ ఇంట్లో అది మరో పన్నెండేళ్ళకి జరిగింది. ఆమె పారిస్‌లో, టోక్యోలో ముద్రణ కళ నేర్చుకుని, 1976లో న్యూయార్క్ చేరింది.

1977లో తెల్లకాగితాన్ని సూదులతో పొడిచి బొమ్మలు చేసింది. సిరా లేదు, రంగు లేదు. ఆ తర్వాత కాగితాన్నే అచ్చుపోయడం మొదలుపెట్టింది. గుజ్జులో రంగు కలిపి, అచ్చులో నింపి, నీరు పోయేలా అదిమి, ఆరనిస్తే అది గట్టి పలక అవుతుంది. రంగు పైపూతగా కాక ఒంట్లోనే ఉంటుంది. ఇటుక ఎరుపు, మట్టి గోధుమ రంగులు. కోనేటి మెట్లు, వాకిళ్ళు, మూలలు. 1980 నాటి 'పూల్' ఫొటోలో చూస్తే ఎండకి కాగిన రాయిలా ఉంటుంది. ఉన్నది మాత్రం కాగితమే! కాగితం చర్మం లాంటిదని, దానికి మరక పడుతుందని, ముసలిదవుతుందని ఆమె అనేది.

మా అమ్మమ్మ పాత కాగితాలు నానేసి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, బోర్లించిన గిన్నె మీద మెత్తి బుట్టలు చేసేది. రెండూ ఒకటేనని నేననను. జరీనా ఎంచుకుని చేసింది, అమ్మమ్మ అవసరానికి చేసింది. కానీ గుజ్జు ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు పగులుతుందో ఇద్దరి వేళ్ళకీ తెలుసు. ఆ తెలివిని ఎవరూ శిల్పశాస్త్రంలో రాసుకోలేదు.

న్యూయార్క్ ఫెమినిస్ట్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వర్క్‌షాపుల్లో ఆమె కాగితం తయారీ నేర్పింది. 'హెరిసీస్' పత్రిక మూడో ప్రపంచ స్త్రీల సంచికలో పనిచేసింది. 1980లో అనా మెండియెటా, కజుకో మియమోతోలతో కలిసి ఎ.ఐ.ఆర్. గ్యాలరీలో మూడో ప్రపంచ స్త్రీల ప్రదర్శన పెట్టింది. ఎనిమిది మంది కళాకారిణులు. అమెరికా స్త్రీవాదం ప్రధానంగా తెల్ల మధ్యతరగతి ఉద్యమమేనని మెండియెటా ఆ కేటలాగులోనే మొహమాటం లేకుండా రాసింది. దళిత, ముస్లిం స్త్రీలు మన పత్రికల్లో అడిగిందీ ఇదే కదా!

జరీనా మొత్తం పనిని ఒకచోట చేర్చిన పెద్ద ప్రదర్శన 2012లో లాస్ ఏంజెలెస్‌లోని హ్యామర్ మ్యూజియంలో జరిగింది, పేరు 'పేపర్ లైక్ స్కిన్'. అప్పటికి ఆమెకి డెబ్భై అయిదేళ్ళు. 2020లో లండన్‌లో చనిపోయింది.