బూడిదతో పొంగిన కేకు

అమెరికా ప్రభుత్వం ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు బూడిదకు సంబంధించినది. 1790 జులై 31న శామ్యూల్ హాప్కిన్స్ అనే ఆయనకు ఇచ్చిన ఆ పత్రం మీద దేశాధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ స్వయంగా సంతకం చేశాడు. సేద్యానికి అడవులు నరుకుతున్న రోజులవి. ఆ కట్టెలు కాల్చిన బూడిదను నీళ్లలో నానబెట్టి, తేట వంచి, ఇనప కాగుల్లో ఇగరబెడితే అడుగున తెల్లటి క్షారం మిగులుతుంది. దాన్ని మెరుగ్గా తీసే పద్ధతి హాప్కిన్స్‌ది. సబ్బుకూ గాజుకూ అది ముఖ్యమైన సరుకు. అప్పడాల పిండిలో మనం కలిపే క్షారానికి దగ్గరి చుట్టమే.

ఆరేళ్లు తిరగకుండానే అది వంటల పుస్తకంలోకి ఎక్కింది. 1796లో హార్ట్‌ఫర్డ్ పట్నంలో అచ్చయిన ‘అమెరికన్ కుకరీ’ రచయిత్రి అమీలియా సిమన్స్. అట్ట లోపలి పేజీలోనే తనను అనాథగా పరిచయం చేసుకుందావిడ. అల్లం కేకు పిండిలో శుద్ధిచేసిన ఆ బూడిద క్షారం కాస్త కలపమంది. పిండి పొంగడానికి రసాయనం వేయమని అచ్చులో చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి.

దాల్చినచెక్క, జాజికాయ వేసిన యాపిల్ కేకును పాశ్చాత్యులు ‘మా అమ్మమ్మల వంట’ అని మురిపెంగా చెప్పుకుంటారు. ఆ మాట సగమే నిజం. యాపిల్ పాతది, మసాలా పాతది. ఎవరి సాయమూ లేకుండా ఒక మనిషి గంటా గంటన్నరలో ఇంట్లో చేసుకునే కేకు మాత్రం కొత్తది. దాని వయసు మన రైలుబండి వయసుకు కాస్త అటూ ఇటూ.

అంతకు ముందు ఎలా ఉండేదో హానా గ్లాస్ 1747లో లండన్‌లో అచ్చువేసిన పుస్తకం చెబుతుంది. పౌను వెన్న, పౌను పంచదార, పౌను పిండి, డజను గుడ్లు. తెల్లసొన సగమే వేయాలి. అన్నీ కలిపాక చేత్తోగానీ పెద్ద చెక్కగరిటెతోగానీ గంటసేపు గిలక్కొట్టాలి. ఈస్టు వేయని కేకులోకి గాలి ఎక్కాలంటే కండబలమే దిక్కు. ఆ గంటసేపూ కొట్టేది ఇంటి యజమానురాలు కాదని వేరే చెప్పక్కర్లేదు. గ్లాస్ తన పుస్తకాన్ని పనివాళ్లకోసమే రాశానంది. (భారతీయ పద్ధతిలో కోడికూర వండడం కూడా ఆ పుస్తకంలో ఉంది. మిరియాలు, ధనియాలు తప్ప పెద్ద హంగామా లేదు.)

కాబట్టి యాపిల్ చాలాకాలం కేకులోకి రాలేదు, పిండి డొప్పలోనే ఉండిపోయింది. 1381 నాటిదని చెప్పే ఒక ఇంగ్లిషు రాతప్రతిలో యాపిళ్లు, బేరిపళ్లు, అంజీరు, ఎండుద్రాక్ష, మంచి మసాలాలు నూరి, కుంకుమపువ్వు రంగు పట్టించి, డొప్పలో పెట్టి కాల్చమని ఉంది. పంచదార ఊసే లేదు. పంచదార అప్పటికింకా సామాన్యుడికి అందేది కాదు. మసాలాలూ అంతే. అవి ఉన్నింటివాళ్లు దర్పం చూపించుకునే వస్తువులు.

ఆ మసాలాల కథలోనే మనవాళ్లున్నారు. మన బడిపుస్తకాలు వాస్కో డ గామా, కాలికట్, 1498 అని చెప్పి ఆగిపోతాయి. లవంగం మాత్రం అప్పట్లో మొలక్కా దీవుల్లోనే పండేది. జాజికాయ, దాని మీద ఎర్రటి వలలా అల్లుకునే జాపత్రి ఇంకా అరుదు. ఇప్పటి ఇండొనేసియాలోని బందా దీవులు, అరచేతిలో ఇమిడేంత నేల, ప్రపంచానికంతటికీ అవే దిక్కు. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ అక్కడికి ఓడలేసుకుని వెళ్లింది. తీరా చూస్తే దీవులవాళ్లకు ఐరోపా సరుకులేవీ పెద్దగా అక్కర్లేదు. వాళ్లు అడిగింది బట్ట, అదీ మన కోస్తా బట్ట.

అందుకే 1605-06లోనే డచ్చివాళ్లు గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నంలో, ఆ వెంటనే నిజాంపట్నంలో కోఠీలు తెరిచారు. ఆ ప్రాంతపు ఇసకనేలల్లో పెరిగే చిరువేరుతో అద్దిన ఎరుపు ఎన్ని ఉతుకులకూ వెలవదని పేరు. అద్దకం బట్టలు, గళ్లబట్టలు, ముతక నూలు మూటలు బందరులో ఓడెక్కి తూరుపుకు పోయేవి. వాటిని మార్చుకుంటే లవంగాలు, జాజికాయలు చేతికొచ్చేవి. ఈ తీరం మొలక్కాలకు ఎడమచెయ్యి అని, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడి వ్యాపారం చచ్చినట్టేనని డచ్చి ఉద్యోగి హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే రాశాడు. పాలకొల్లు, నరసాపురం, ద్రాక్షారామం, భీమునిపట్నాల్లో డచ్చివాళ్లు దిగింది కూడా ఆ బట్టకోసమే. బందరులో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ ఇల్లాలు కేకు మీద గీరిన జాజికాయ ధరలో తెలుగు సాలెవాడి మగ్గం కూలి కూడా కలిసి ఉంది. దీన్ని మన చరిత్ర పుస్తకాలు ఎందుకో గట్టిగా చెప్పవు.

ఆ తరవాతి అధ్యాయం నెత్తుటితో రాసినది. జాజికాయ తమకు తప్ప ఎవరికీ అమ్మకూడదన్న డచ్చివాళ్ల షరతును బందా జనం పాటించలేదు. 1621లో గవర్నర్ జనరల్ యాన్ పీటర్స్‌జూన్ కూన్ సైన్యంతో దిగి, ఊరిపెద్దలను నరికించి, వేలమందిని చంపించి, మిగిలినవాళ్లలో చాలామందిని బానిసలుగా బటావియాకు (ఇప్పటి జకార్తా) తరలించాడు. ఆ తోటలను డచ్చి కౌలుదార్లకు పంచి, బానిసలతో సేద్యం చేయించారు. కాయ ఇంకెక్కడా మొలవకుండా సున్నపు నీళ్లలో ముంచి మరీ ఎగుమతి చేసేవారు. ఇంగ్లిషువాళ్లు పట్టుకు వేలాడిన చిన్న దీవి రన్ కూడా 1667 బ్రెడా ఒడంబడికతో డచ్చివాళ్లకే దక్కింది. దానికి బదులు ఇంగ్లిషువాళ్ల చేతిలో మిగిలిన దీవి మన్‌హాటన్. తరవాత నెపోలియన్ యుద్ధాల రోజుల్లో ఇంగ్లిషువాళ్లు బందాను ఆక్రమించి మొక్కలు బయటికి తరలించాక గానీ జాజికాయ నలుగురికీ అందుబాటులోకి రాలేదు.

యాపిల్ వచ్చింది మరో దిక్కునుంచి. 1929లో రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ ఇప్పటి కజకిస్తాన్‌లోని అల్మాటీ చుట్టుపక్కల కొండల్లో తిరిగి, అడవులకు అడవులే యాపిల్ చెట్లు కావడం చూసి, దాని పుట్టిల్లు ఇదేనన్నాడు. 2010లో వెలువడిన యాపిల్ జన్యుపటం ఆ మాటను ఖాయపరిచింది. అది చూడడానికి వావిలోవ్ లేడు. స్టాలిన్ జైల్లో 1943లోనే చనిపోయాడు. యాపిల్‌తో ఒక పేచీ ఉంది. గింజ నాటితే తల్లిలాంటి కాయ రాదు. నచ్చిన రకం మళ్లీ కావాలంటే అంటు కట్టాల్సిందే.

ఇక బూడిదకు మళ్లీ వద్దాం. బూడిద క్షారం వేసిన కేకు పొంగేది గానీ, కొలత కాస్త ఎక్కువైతే సబ్బు కొట్టేది. 1843లో బర్మింగ్‌హామ్ మందుల వ్యాపారి ఆల్‌ఫ్రెడ్ బర్డ్, ఈస్టు పడని భార్యకోసం బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. 1846లో అమెరికాలో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ అనే బావాబావమరుదులు వంటసోడాను పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. గంటసేపు కండలు కరిగించే పనిని అర చెంచా పొడి రెండు నిమిషాల్లో చేసేసింది. వంటింటి చరిత్రలో మిక్సీకి ముందు ఆడవాళ్ల భుజాలకు ఇంత విశ్రాంతినిచ్చిన వస్తువు ఇంకోటి లేదని నా నమ్మకం.

సోడా పని చేయాలంటే పులుపు తోడుండాలి. యాపిల్‌లో పులుపుంది, మజ్జిగలో ఉంది. ఆ పైన యాపిల్‌లోని పెక్టిన్ తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి వెన్న, గుడ్లు తగ్గించినా కేకు ఎండిపోదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ గుణం అక్కరకొచ్చింది. హెర్బర్ట్ హూవర్ అధిపతిగా 1917లో ఏర్పడిన అమెరికా ఆహార శాఖ గోధుమ, పంచదార, కొవ్వులు పొదుపు చేయమని ఇల్లాళ్లకు పిలుపిచ్చింది. ఉడికించి మెదిపిన యాపిల్ గుజ్జుతో చేసే కేకులకు ఆ రోజుల్లో గిరాకీ పెరిగింది.

మన దేశంలో యాపిల్‌ను వ్యాపార పంటగా నిలబెట్టినవాడు కూడా అమెరికావాడే. ఫిలడెల్ఫియా నుంచి 1904లో కుష్ఠురోగుల సేవకు వచ్చిన శామ్యూల్ స్టోక్స్ సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో స్థిరపడి, అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. 1916 ప్రాంతంలో అమెరికా నుంచి ‘రెడ్ డెలిషస్’ అంట్లు తెప్పించి నాటాడు. 1921లో సహాయ నిరాకరణోద్యమంలో జైలుకెళ్లాడు. 1932లో సత్యానంద్ అయ్యాడు. అంతకు ముందు తెల్లదొరలు వేసిన పుల్లటి రకాలు మనవాళ్లకు రుచించలేదు. స్టోక్స్ తెచ్చిన ఎర్రటి తీపికాయ దేశమంతటినీ గెలిచింది. మనకు యాపిల్ అంటే జ్వరమొచ్చినవాళ్లను చూడ్డానికి తీసుకెళ్లే ఆ ఎర్రకాయే.

కేకు దగ్గరికొచ్చేసరికి ఆ తీపికాయతోనే చిక్కు. రెడ్ డెలిషస్ వేడి తగిలితే పిండిపిండిగా మారి, రుచి చప్పబడుతుంది. 1868లో సిడ్నీ దగ్గర మరియా ఆన్ స్మిత్ అనే ముసలావిడ పెరట్లో దొరికిన ఆకుపచ్చ గ్రానీ స్మిత్ ముక్క ముక్కగానే ఉంటుంది, పులుపూ పోదు. ఇప్పుడు పెద్ద ఊళ్ల పండ్ల దుకాణాల్లో దొరుకుతోంది. దొరకకపోతే ఎర్రకాయకే నిమ్మకాయ పిండండి.

కొలతలు సులువే. కప్పున్నర మైదా, ముప్పావు కప్పు బెల్లం పొడి, అరకప్పు నూనె, అరకప్పు పుల్ల పెరుగు, ముప్పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, చెక్కు తీసి తురిమిన రెండు కాయలు. దాల్చినచెక్క పొడి ఒక చెంచా, లవంగాలు మూడే. నాలుగోది పడితే పంటి డాక్టరు దగ్గర కూర్చున్నట్టుంటుంది. జాజికాయను పొడిగా కొనకండి, కాయ తెచ్చి అప్పటికప్పుడు గీరండి. పావు చెంచా చాలు. తురుము పిండేయకండి, ఆ నీరే కేకుకు తడి. పొడి పదార్థాలు, తడి పదార్థాలు కలిశాక పక్కన పెట్టి ఫోను మాట్లాడకూడదు. పులుపు తగలగానే సోడా బుడగలు పుడతాయి, ఆగితే అవన్నీ గాలిలో కలిసిపోతాయి. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల్లో 45 నుంచి 50 నిమిషాలు. లేకపోతే కుక్కర్ అడుగున ఇసకో ఉప్పో పోసి, గ్యాస్‌కెట్, విజిల్ తీసేసి, పది నిమిషాలు ముందే కాచి, స్టాండు మీద గిన్నె పెట్టి సన్నమంటన ముప్పావు గంట నుంచి గంట. పుల్ల గుచ్చితే తడిపిండి అంటకూడదు. పూర్తిగా చల్లారాకే కోయండి. అన్నట్టు, మర్నాటికి మసాలా లోపలిదాకా దిగి రుచి పెరుగుతుంది కాబట్టి ఆదివారం తినాలంటే శనివారమే చేసి పెట్టుకోండి.